ప్రతివారితోనూ మర్యాదగా: హైస్కూల్లో మాట తీరు మార్చాలంటే జూన్ నుంచి ఏం చేయాలి

రోజూ ఉదయం ప్రార్థనలో పిల్లలు చెయ్యి చాచి ప్రతిజ్ఞ చెబుతారు. అందులో "ప్రతివారితోను మర్యాదగా నడచుకొంటాను" అనే వాక్యం ఉంది. ఈ ప్రతిజ్ఞ మన తెలుగులోనే పుట్టింది. నల్గొండ జిల్లా అన్నెపర్తికి చెందిన పైడిమర్రి వెంకట సుబ్బారావు గారు విశాఖపట్నంలో ట్రెజరీ అధికారిగా ఉన్న రోజుల్లో, 1962లో దీన్ని రాశారు. అక్కడి నుంచి దేశమంతా పాకింది. ఆ వాక్యం చెప్పి వరసగా క్లాసుల్లోకి వెళ్లిన పిల్లలు కాసేపటికే నీళ్ల కుళాయి దగ్గర ఒకరినొకరు ఏమని పిలుచుకుంటున్నారో మీరు వినే ఉంటారు.

ఇది జిల్లా పరిషత్ హైస్కూల్ హెడ్మాస్టర్లు, క్లాస్ టీచర్లు, తల్లిదండ్రుల కమిటీ సభ్యుల కోసం రాస్తున్నాను. ప్రైవేటు బడుల వాళ్లకూ చాలావరకు పనికొస్తుంది. బడిలో మాట తీరు మారాలంటే పెద్దవాళ్ల మాట ముందు మారాలని నేను గట్టిగా నమ్ముతాను. ఆ తర్వాత పిల్లలకు కలిసి చేసే పని దొరకాలి. ఈ రెండూ లేకుండా గోడ మీద సూక్తులు రాయించినా, మోరల్ క్లాసు పెట్టినా పిల్లల నోటిదాకా చేరదు.

ముందు ఒక వారం వినండి

జూన్ 12న బడి తెరిచాక మొదటి వారం అడ్మిషన్లు, పుస్తకాల పంపిణీతోనే గడిచిపోతుంది. రెండో వారంలో ఈ పని మొదలుపెట్టండి. ఇద్దరు ముగ్గురు టీచర్లు చెరో చోట ఊరికే నిలబడి వినాలి. నీళ్ల కుళాయి, భోజనం వరస, సైకిల్ స్టాండ్, టాయిలెట్ల వెనక, ఆటస్థలం, సాయంత్రం బస్సు కోసం నిలబడే చోటు. ఎవరన్నారో రాసుకోవద్దు, ఏమన్నారో మాత్రం ఒక కాగితం మీద రాసుకోండి. వింటున్నప్పుడు ఎవరినీ ఆపకండి. ఆపితే మీరున్న చోట మాట్లాడటం మానేసి ఇంకో చోటికి పోతారు, అంతే.

వారం తర్వాత ఆ కాగితాలు ముందేసుకుని కూర్చుంటే మాటలు కొన్ని రకాలుగా విడిపోతాయి. ఒంటి తీరును బట్టి పెట్టిన పేర్లు: నల్లోడు, బోండాం, సోడాబుడ్డి, నత్తోడు. అమ్మల మీద, అక్కచెల్లెళ్ల మీద తిట్లు. కులాన్నో, ఇంట్లోవాళ్లు చేసే పనినో తిట్టుగా మార్చిన మాటలు. మగపిల్లవాడు ఏడిస్తే "గాజులు తొడుక్కో", ఆడపిల్ల గట్టిగా మాట్లాడితే "మగరాయుడు". యాసను వెక్కిరించడం. వీటితోపాటు హీరోల పేర్లతో జరిగే గొడవ ఒకటి. పైకి అది అభిమానుల తగాదాలాగే ఉంటుంది. రెండు నిమిషాలు నిలబడి వింటే చాలాచోట్ల దాని కింద కులం వినబడుతుంది.

ఒరేయ్, ఏరా, ఏంటే లాంటివి ఈ జాబితాలో వేయకండి. స్నేహితుల మధ్య అవి దగ్గరితనం. వాటిని నిషేధించిన బడిలో పిల్లలు టీచర్ల ముందు ఒక భాష, వెనక ఒక భాష మాట్లాడటం నేర్చుకుంటారు. అసలు పని మొదలవకముందే మన మీద నమ్మకం పోతుంది. అదే "ఒరేయ్" పదో తరగతి కుర్రాడు ఆరో తరగతి వాడిని నీళ్ల బాటిల్ నింపుకురమ్మని పంపడానికి వాడితే ఆ లెక్క వేరు. తిరిగి "ఒరేయ్" అనే చనువు ఎదుటివాడికి ఉందా లేదా అన్నదే గుర్తు.

తర్వాత స్టాఫ్ మీటింగ్

కష్టమైన పని ఇదే. దీన్ని దాటేసి నేరుగా పిల్లల దగ్గరికి పోకండి.

మీరు రాసుకున్న కాగితంలోని మాటల్లో కొన్ని క్లాసు రూముల్లోంచి వచ్చినవే ఉంటాయి. మొద్దు, శుంఠ, దద్దమ్మ అనేవి సరే. వాటికన్నా లోతుగా గుచ్చుకునేది ఒకటుంది. లెక్క తప్పు చేసిన పిల్లవాడితో "నువ్వు గొర్రెలు కాసుకోవడానికి తప్ప దేనికీ పనికిరావు" అంటాం. అదే క్లాసులో మూడో బెంచీలో, పొద్దున్నే గొర్రెలు తోలుకుపోయే తండ్రికి సద్ది కట్టిచ్చి వచ్చిన పిల్లవాడు కూర్చుని ఉంటాడు. తిట్టు తగిలింది లెక్క తప్పు చేసినవాడికి కాదు, వీడికి. పైగా క్లాసులో ముప్పై మంది ఆ పని తక్కువదని ఆ రోజు సార్ నోటి నుంచే నేర్చుకున్నారు. మధ్యాహ్నం ఎవరో ఒకరు వాడిని ఆ మాటతోనే పిలుస్తారు. అప్పుడు మనం ఎవరిని మందలించాలి?

మీటింగులో ఎవరి పేరూ ఎత్తకుండా ఈ కింది విషయాల మీద ఒప్పందానికి రండి. హెడ్మాస్టర్ ఆర్డరుగా ఇవ్వడం కన్నా అందరూ ఒప్పుకుని మినిట్స్ పుస్తకంలో సంతకం పెట్టడం మేలు.

పిల్లలను పేరు పెట్టి పిలవాలి. రోల్ నంబరుతో, ఊరి పేరుతో, కాలనీ పేరుతో పిలవొద్దు. ఏ వృత్తినీ తిట్టుగా వాడొద్దు. తోటి టీచర్ గురించి పిల్లల ముందు తేలిగ్గా మాట్లాడొద్దు. స్టాఫ్ రూము తలుపు తెరిచి ఉన్నప్పుడు లోపలి మాటలు బయట వరండాలో స్పష్టంగా వినబడతాయని గుర్తుంచుకోవాలి. ఆయాను, వాచ్‌మన్‌ను, వంట చేసే అక్కలను, ఊడ్చే ఆమెను మనం ఎలా పిలుస్తామో పిల్లలు అలాగే పిలుస్తారు. యాభై ఏళ్ల ఆమెను పాతికేళ్ల టీచర్ "ఏమే లక్ష్మీ" అంటే, పన్నెండేళ్ల పిల్ల కూడా అలాగే అంటుంది. "లక్ష్మమ్మ గారూ" అనో "అక్కా" అనో రేపటి నుంచి మొదలుపెట్టడానికి ఖర్చేమీ లేదు.

స్కాలర్‌షిప్ ఫారాల విషయం విడిగా చెప్పాలి. "ఎస్సీ వాళ్లు లేచి నిలబడండి, ఇప్పుడు బీసీ వాళ్లు" అని క్లాసులో అందరి ముందూ లేపడం ఎన్నో బడుల్లో ఇప్పటికీ అలవాటుగా సాగుతోంది. చేసేవాళ్ల మనసులో చెడు ఉండదు, పని త్వరగా అయిపోతుందని చేస్తారు. కానీ ఎవరు ఏ కులమో తెలియకుండా కలిసి ఆడుకుంటున్న ఆరో తరగతి పిల్లలకు ఆ పది నిమిషాల్లో మొత్తం తెలిసిపోతుంది. బదులుగా అడ్మిషన్ రిజిస్టర్ చూసి పేర్ల జాబితా మీరే తయారు చేసుకోండి. ఫారం, కావలసిన సర్టిఫికెట్ల చీటీ కవర్లో పెట్టి ఒక్కొక్కరినీ ఆఫీసు రూముకు పిలిచి ఇవ్వండి. హాజరు పట్టీలో పేరు పక్కన కులం, మతం రాసి ఉంటే, కొత్త పట్టీ రాసేటప్పుడు అవి వదిలేయండి. రోజూ హాజరు వేయడానికి వాటితో పనేముంది?

కొట్టడం, మనసు గాయపడేలా వేధించడం విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కింద నిషేధమని మనందరికీ తెలుసు. ఆ చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. "నాలుగు తగిలిస్తే గానీ మాట వినరు" అనే సీనియర్ మీ స్టాఫ్‌లోనూ ఉండొచ్చు. ఆయనతో మీటింగులో వాదనకు దిగకండి. విడిగా కూర్చుని, ఆయన క్లాసులో బాగా జరుగుతున్నవి ఏమిటో ముందు చెప్పి, తర్వాత ఈ విషయం మాట్లాడండి. పెద్దాయనను అందరి ముందూ తప్పుపట్టి మర్యాద గురించి చెబితే ఎవరూ నమ్మరు.

క్లాసులో పేర్ల పని

జూలై మొదటి వారంలో ప్రతి క్లాస్ టీచర్ ఒక పీరియడ్ తీసుకోవాలి. పిల్లలకు చిన్న చీటీలు ఇవ్వండి. ఒకవైపు "నన్ను ఇలా పిలిస్తే ఇష్టం", రెండోవైపు "నన్ను ఇలా పిలిస్తే బాధ" అని రాయించండి. పేరు రాయాలా వద్దా అనేది వాళ్ల ఇష్టం. చీటీలు క్లాసులో చదవొద్దు. ఇంటికి తీసుకెళ్లి తీరిగ్గా చదవండి. ఒకే మాట నాలుగైదు చీటీల్లో కనిపిస్తే ఆ మాట గురించి క్లాసులో మాట్లాడొచ్చు. ఒక్క చీటీలోనే ఉన్న మాటను మాత్రం బయటపెట్టకండి. అది ఎవరిదో అందరికీ వెంటనే తెలిసిపోతుంది.

ఇష్టమైన పేర్లను హాజరు పట్టీ వెనక పేజీలో రాసుకుని అదే పేరుతో పిలవండి. దాదాపు ప్రతి క్లాసులోనూ ఇద్దరు సాయికుమార్లు ఉంటారు. పిల్లలు వాళ్లకు నల్ల సాయి, తెల్ల సాయి అని పెట్టేస్తారు. మూడు నెలలు పోయేసరికి టీచర్లు కూడా అలాగే పిలుస్తుంటారు. మొదటి రోజే ఇంటిపేరులోని మొదటి అక్షరంతో విడదీయండి: కె. సాయి, బి. సాయి. మొత్తం ఇంటిపేరు వాడొద్దు, మన దగ్గర చాలాసార్లు ఇంటిపేరు కులాన్ని చెప్పేస్తుంది.

ఆ తర్వాత క్లాసు ఒప్పందం రాయించండి. మనం డిక్టేట్ చేస్తే పది వాక్యాలూ పాఠ్యపుస్తకంలోలాగే వస్తాయి. వాళ్లనే అడిగితే వాళ్లకు తగిలే విషయాలు వస్తాయి: "ఎవరైనా తప్పు చదివితే నవ్వకూడదు", "అమ్మను తీసుకురాకూడదు" (తిట్లలోకి అని), "టిఫిన్ బాక్సులో ఏముందో చూసి కామెంట్ చేయకూడదు". నాలుగైదు చాలు. వాళ్ల చేతిరాతతోనే చార్టు రాయించి తలుపు పక్కన అంటించండి. సంతకాల్లో టీచర్ సంతకం కూడా ఉండాలి, ఎందుకంటే తప్పు చదివితే నవ్వకూడదనేది మనకూ వర్తిస్తుంది.

తప్పు మాట విన్నప్పుడు అప్పటికప్పుడు ఏం చేయాలి

కొత్త టీచర్లు ఎక్కువగా అడిగేది ఇదే. వినీ విననట్టు పోతే ఒప్పుకున్నట్టు. ఆగి పావుగంట ఉపన్యాసం ఇస్తే తిట్టినవాడు హీరో అవుతాడు. ఈ రెంటికీ మధ్య ఒక చిన్న దారి ఉంది.

వరండాలో ఒకడు ఇంకొకడిని "ఒరేయ్ కుంటోడా" అన్నాడనుకుందాం. మీరు నడుస్తూనే ఆగండి. గొంతు పెంచకుండా "ఆ మాట మన క్లాసులో వద్దనుకున్నాం కదా. వాడి పేరు పెట్టి పిలువు" అనండి. వాడు పేరు పెట్టి పిలిచాక వెళ్లిపోండి. అక్కడికి అంతే. సాయంత్రం వాడిని ఒక్కడినే పిలవండి. మాట దాదాపు ఇలాగే నడుస్తుంది:

"పొద్దున అలా ఎందుకన్నావు?"

"ఊరికే సార్. సరదాకి."

"సరదా ఇద్దరికీ ఉండాలి. వాడు నవ్వాడా?"

"నవ్వాడు సార్."

"నవ్వకపోతే మీరంతా ఏమంటారు?"

ఇక్కడ కాసేపు ఆగండి. తొందరపెట్టకండి. "ఫీలయ్యాడు అంటాం సార్" అనే జవాబు వాడి నోటినుంచే వస్తుంది. ఏడిపించినప్పుడు బాధపడితే దానికి ఇంకో వెక్కిరింపు సిద్ధంగా ఉంటుందని పిల్లలకు బాగా తెలుసు, అందుకే నవ్వుతారు. ఇది వాడు తనంతట తాను చెప్పాక మీరు పెద్దగా చెప్పాల్సింది ఉండదు. "రేపు ఏం చేస్తావు?" అని మాత్రం అడగండి. సారీ చెప్తానంటే మంచిదే. సారీ చెప్పడం చేతకాని పిల్లలు కొందరుంటారు. మర్నాడు ఆటలో వాడిని తన టీములోకి పిలుస్తారు, లేదా పక్కన కూర్చుంటారు. దాన్నే క్షమాపణగా తీసుకోండి.

అందరి ముందూ క్షమాపణ చెప్పించడం, గుంజీలు తీయించడం, జరిమానా వేయడం వద్దు. జరిమానా పెడితే రెండు రూపాయలు ఉన్నవాడు డబ్బు కట్టి తిడతాడు. క్లాస్ లీడర్ చేత బోర్డు మీద పేర్లు రాయించడం కూడా వద్దు. లీడర్ స్నేహితుల పేర్లు ఆ బోర్డు మీద ఎప్పుడూ ఉండవని పిల్లలందరికీ తెలుసు.

మాట పడ్డ పిల్లవాడితో కూడా విడిగా మాట్లాడాలి. చాలామంది ఇది మర్చిపోతారు. "నేను విన్నాను. అది తప్పు మాట. నీకేమైనా చెప్పాలనిపిస్తే రా" అంటే చాలు. ఎదురుగా ఇద్దరినీ నిలబెట్టి చేతులు కలిపించకండి, మాట పడ్డవాడికి అది రెండోసారి శిక్ష.

ఈ దారిలో తేల్చకూడనివి

కొన్ని మాటలను బడిలోనే సర్దేయడం కుదరదు. ఎస్సీ, ఎస్టీ పిల్లలను నలుగురిలో కులం పేరుతో తిట్టడం, అవమానించడం 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం. వైకల్యం ఉన్నవాళ్లను నలుగురిలో కావాలని అవమానించడం 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 92వ సెక్షన్ కింద నేరం, ఆరు నెలల నుంచి ఐదేళ్ల వరకు శిక్ష ఉంది. పిల్లలను ఈ చట్టాలతో బెదిరించమని చెప్పడం లేదు. వాళ్లు ఆ మాటలు ఇంట్లోనో వీధిలోనో విని వచ్చారు. కానీ ఆ మాట అన్నది పెద్దవాళ్లయితే, టీచరైనా సరే, దాన్ని స్టాఫ్ రూములో నచ్చజెప్పి మూసేయడం హెడ్మాస్టర్ చేయకూడని పని. రాతపూర్వకంగా తీసుకుని పై అధికారులకు పంపాలి.

పిల్లల మధ్య కులం మాట వచ్చినప్పుడు అదే రోజు రెండు కుటుంబాలతోనూ విడివిడిగా మాట్లాడండి. ఊళ్లో కులపెద్దలు "మేం చూసుకుంటాం సార్" అని బడి గేటు దాటి వస్తే, మర్యాదగా కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, పిల్లల విషయం తల్లిదండ్రులతోనే మాట్లాడతామని చెప్పి పంపండి. పంచాయితీ బడిలోకి వచ్చిందంటే మర్నాటి నుంచి క్లాసు రెండుగా చీలి కూర్చుంటుంది.

ఆడపిల్లల మీద అసభ్యమైన మాటలు, ఫోటోలు, వెంటపడటం దాకా వస్తే అది పిల్లల మీద లైంగిక నేరాలను అరికట్టే పోక్సో చట్టం పరిధిలోకి రావచ్చు. లైంగిక నేరం జరిగిందని తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలని ఆ చట్టం చెబుతుంది. పరువు పోతుందని దాచడం నేరం. పిల్లలు ఎవరికి వారు ఫోన్ చేసుకోగల చైల్డ్ హెల్ప్‌లైన్ నంబరు 1098. దాన్ని హెడ్మాస్టర్ గదిలో కాకుండా ఆడపిల్లల టాయిలెట్ల దగ్గర, వరండాలో పెద్ద అక్షరాలతో రాయించండి.

కలిసి చేసే పని

తిట్టడం మానేసినంత మాత్రాన పిల్లలు ఒకటి కారు. హైస్కూలుకు చుట్టుపక్కల నాలుగైదు ఊళ్ల నుంచి వస్తారు. ఏ ఊరి పిల్లలు ఆ ఊరి వాళ్లతోనే కూర్చుంటారు, ఆ ఊరి బస్సులోనే కలిసి పోతారు. ఊళ్ల మధ్య ఎప్పటివో గొడవలు ఉంటే అవీ బస్సెక్కి వస్తాయి.

అందుకే ఆరు నుంచి పది దాకా పిల్లలను కలిపి చిన్న జట్లు చేయండి. ప్రతి జట్టులో ప్రతి క్లాసు నుంచీ ఇద్దరు ముగ్గురు, వేర్వేరు ఊళ్ల వాళ్లు ఉండాలి. జాబితా హెడ్మాస్టర్ వేయాలి. పిల్లలకు వదిలితే మళ్లీ ఊరూ కులమే వస్తాయి. జట్టులోని తొమ్మిదో తరగతి పిల్లలకు ఒక బాధ్యత ఇవ్వండి: కొత్తగా ఆరులో చేరిన వాళ్లకు మొదటి నెల బడి చూపించాలి. టాయిలెట్ ఎక్కడ, ఏ కుళాయి నీళ్లు తాగాలి, బస్సు తప్పితే ఎవరికి చెప్పాలి, ఏ సార్‌ను ఎలా అడగాలి. నీళ్ల బాటిల్ నింపించుకునే అన్న స్థానంలో దారి చూపించే అన్న వస్తాడు. పదో తరగతికి ఈ పని ఇవ్వకండి, వాళ్లకు స్టడీ అవర్లు, స్లిప్ టెస్టులతోనే టెన్షన్ సరిపోతుంది.

భోజనం దగ్గర జట్ల ప్రకారం కూర్చోబెట్టండి. నా దృష్టిలో ఏడాది మొత్తంలో ఎక్కువ ఫలితం ఇచ్చే పని ఇదే. ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పుడు మధ్యాహ్న భోజనానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. కోనసీమలోని లంకల గన్నవరంలో, ఆకలితో వచ్చినవాళ్లకు వేళ చూడకుండా వండి పెట్టిన తల్లి ఆమె. ఆ పేరు బోర్డు మీద ఉండి, కింద పిల్లలు ఎవరి గుంపు వాళ్లు విడిగా కూర్చుని తింటుంటే చూస్తూ ఊరుకోకూడదు. వారానికి ఒక జట్టు వడ్డించాలి, మగపిల్లలూ ఆడపిల్లలూ కలిసి. వడ్డించేవాళ్లు "ఇంకొంచెం పెట్టమంటావా?" అని అడగాలి, తినేవాళ్లు వంట అక్కలకు చెప్పి వెళ్లాలి. టీచర్లలో కనీసం ఇద్దరు రోజూ అదే వరసలో, అదే అన్నం తినాలి. ఇది ఉత్తర్వుల కోసం చెప్పడం లేదు. మాస్టారు పక్కన కూర్చుని పప్పు కలుపుకుంటుంటే, పక్కవాడి పళ్లెం ముట్టుకోనని అనే ధైర్యం ఎవరికీ రాదు.

ఇంట్లో వద్దని చెప్పి పంపారని తోటివారితో కూర్చోని పిల్లలు ఎదురైతే బలవంతం చేయకండి. జట్టును మాత్రం మార్చకండి. నెల తిరిగేసరికి చాలామంది వాళ్లంతట వాళ్లే వచ్చి కూర్చుంటారు.

ఆటల్లో పీఈటీ సార్ సాయం కావాలి. ఖోఖోకు జట్టు బాగా కుదురుతుంది, ఎందుకంటే అందులో తరిమేవాళ్లు, వరసలో కూర్చున్నవాళ్లు ఒకరి మీద ఒకరు ఆధారపడాలి. వెక్కిరించుకుంటే ఆట ఆగిపోతుంది. ఓడిన జట్టును వెక్కిరిస్తే గెలిచిన జట్టుకు పాయింటు తగ్గుతుందని ముందే చెప్పి, అమలు చేయండి. గోడపత్రిక, మొక్కలు, కార్తీకంలో వనభోజనాలు, తెలంగాణలో దసరా సెలవులకు ముందు బడిలో ఆడే బతుకమ్మ, వీటన్నిటికీ ఇవే జట్లు వాడండి. కొత్త కార్యక్రమాలు కనిపెట్టక్కర్లేదు.

ఆగస్టు 29

తెలుగు భాషా దినోత్సవాన్ని చాలా బడుల్లో పద్యాల పోటీతో సరిపెడతారు. అది గిడుగు వెంకట రామమూర్తి గారి పుట్టినరోజు. వాడుక భాష కోసం పోరాడిన ఆయన సవర భాష నేర్చుకుని, సవర పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పాలని పాటుపడ్డారు. కాబట్టి ఆ రోజు యాసల రోజు చేయండి. శ్రీకాకుళం నుంచి వచ్చిన పిల్ల తన ఇంటి మాటలో కథ చెబుతుంది. తండాలోంచి వచ్చిన పిల్లవాడు లంబాడీలో పాట పాడతాడు. ఇటుక బట్టీల్లో పనికి ఒడిశా నుంచి వచ్చిన కుటుంబాల పిల్లలు మీ బడిలో ఉంటే వాళ్ల చేత ఒడియాలో పది మాటలు అందరికీ నేర్పించండి. ఎవరినీ బలవంతంగా స్టేజీ ఎక్కించకండి, ముందురోజు ఇష్టం అడగండి. యాసను అనుకరించే స్కిట్లు మాత్రం ఆ రోజు వద్దు, అవి మళ్లీ నవ్వుల పాలు చేయడం దగ్గరికే పోతాయి.

ఫోన్లు

క్లాసు వాట్సాప్ గ్రూపు ఉంటే టీచరే అడ్మిన్‌గా ఉండి, టీచర్లు మాత్రమే పోస్టు చేసేలా సెట్టింగ్ పెట్టండి. పిల్లలు విడిగా పెట్టుకునే గ్రూపులను మనం చూడలేం, చూడాలని ప్రయత్నించకూడదు కూడా. "స్క్రీన్‌షాట్ తెచ్చి చూపిస్తే నీ పేరు బయటికి రాదు" అనే మాట ఇచ్చి నిలబెట్టుకుంటే చాలు.

నవంబర్ 14: మన మాట మనకే వినబడే రోజు

బాలల దినోత్సవం నాడు స్వయంపరిపాలన జరుపుతాం. పదో తరగతి పిల్లలు చీరలు కట్టుకుని, చేతిలో సుద్దముక్క పట్టుకుని టీచర్లవుతారు. ఆ రోజు ఫోటోలు తీసుకుని ఊరుకోకుండా కిటికీ పక్కన నిలబడి వినండి. చీర కుచ్చిళ్లు సర్దుకుంటూ ఒక పిల్ల బల్ల మీద డస్టర్‌తో కొట్టి "ఏయ్ లాస్ట్ బెంచ్, బుర్రలో ఏముంది, మట్టా?" అంటుంది. ఆ మాట ఎవరిదో క్లాసంతటికీ తెలుసు. ఇంకో పిల్లవాడు ప్రతి పిల్లనూ "అమ్మా, నువ్వు చెప్పు" అని అడుగుతాడు. అదీ ఎవరిదో తెలుసు. జూన్‌లో మీటింగులో అనుకున్నవి ఎంతవరకు వచ్చాయో ఆ ఒక్క రోజు చెప్పేస్తుంది. సాయంత్రం స్టాఫ్ అంతా కూర్చుని విన్నవి చెప్పుకోండి. పిల్లలను మాత్రం "అలా ఎందుకు చేశావు" అని అడగకండి.

తల్లిదండ్రులతో

బడికి వచ్చిన తల్లిని ఎలా పలకరిస్తామో పిల్లలు తలుపు చాటు నుంచి చూస్తారు. కూలి పనికి పోతూ మధ్యలో వచ్చిన తల్లి హెడ్మాస్టర్ గది గుమ్మం దగ్గరే నిలబడిపోతుంది. లేచి "రామ్మా, కూర్చోండి" అని కుర్చీ చూపించండి. ఆమె కూర్చునేదాకా మాట మొదలుపెట్టకండి. వచ్చిన ప్రతిసారీ పిల్లల తప్పులే చెప్పకుండా, కనీసం ఒక మంచి విషయం ముందు చెప్పండి.

పేరెంట్స్ మీటింగులో మర్యాద మీద ఉపన్యాసం పెట్టొద్దు. పిల్లలు రాసిన క్లాసు ఒప్పందాన్ని పిల్లల చేతే చదివించండి. "అమ్మను తీసుకురాకూడదు" అనే వాక్యం ఒక పిల్లవాడు చదివినప్పుడు తల్లులు ఏమీ అడగకుండానే అర్థం చేసుకుంటారు. తండ్రులకు మాత్రం ఒక మాట నేరుగా చెప్పాలి: ఇంట్లో వాడే తిట్లు బడికి వస్తున్నాయని. విద్యాహక్కు చట్టం ప్రకారం స్కూల్ కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, సభ్యుల్లో సగం మంది మహిళలు ఉండాలి. తెలంగాణలో తల్లులు సభ్యులుగా ఉండే అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు ఉన్నాయి. ఈ పనిలో ముందు ఆ తల్లులను కలుపుకోండి. బస్సు దిగే చోట, రచ్చబండ దగ్గర మాట తీరును వాళ్లు మార్చగలరు, మనం అక్కడ ఉండం.

ఫిబ్రవరిలో మళ్లీ వినండి, రాసిపెట్టండి

పరీక్షల హడావిడి ముదరక ముందే జూన్‌లో చేసినట్టే ఇంకో వారం అదే చోట్ల నిలబడి వినండి. రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టి చూడండి. అమ్మల మీద తిట్లు తగ్గడానికి ఏడాది చాలకపోవచ్చు, దానికి కంగారు పడొద్దు. ఒంటి మీద పెట్టిన పేర్లు, భోజనం దగ్గర విడిగా కూర్చోవడం మాత్రం తగ్గాలి. తగ్గకపోతే తప్పు పిల్లల్లో వెతకకుండా, జూన్‌లో స్టాఫ్ ఒప్పుకున్నవాటిలో ఏది జారిపోయిందో చూడండి.

ఇలాంటి పనులు ఎక్కువగా ఆగిపోయేది బదిలీలతో. మొదలుపెట్టిన హెడ్మాస్టర్ వెళ్లిపోతారు, కొత్తగా వచ్చినవారికి ఎవరూ చెప్పరు, జూన్‌లో జట్ల జాబితా కనబడదు. కాబట్టి ఏప్రిల్‌లో సెలవులకు ముందు ఒక పేజీ రాయండి: స్టాఫ్ ఒప్పుకున్న విషయాలు, జట్ల జాబితా, స్కాలర్‌షిప్ ఫారాలు ఇచ్చే పద్ధతి, వచ్చే ఏడు ఆరో తరగతి బాధ్యత తీసుకోబోయే ఎనిమిదో తరగతి పిల్లల పేర్లు. ఒక కాపీ కమిటీ మినిట్స్ పుస్తకంలో అంటించి చైర్మన్ సంతకం తీసుకోండి. ఇంకో కాపీ చార్జి అప్పగించే కాగితాలతో కలిపి పెట్టండి. కొత్త హెడ్మాస్టర్ జాయిన్ అయిన రోజున ఆ పేజీని స్టాఫ్ సెక్రటరీ ఆయన చేతికివ్వాలని కూడా అందులోనే రాయండి.